నాలుగు చక్రముల బలము: కడ్డీ నుండి స్వయంచాలక పద్ధతికి

వానకాలమున నల్లరేగడి దారిలో జీపు దిగబడినప్పుడు, డ్రైవరు గేరు కడ్డీ ప్రక్కనున్న చిన్న కడ్డీని లాగుట వయస్సు మీరిన పంచాయతీ సభ్యులు పలువురు చూచియే యుందురు. అంతవరకు వెనుక చక్రములు మాత్రము బురదను చిమ్ముచు ఉన్నచోటనే తిరుగుచుండును. ఆ కడ్డీ పడిన పిదప ముందు చక్రములును నేలను పట్టును. బండి మెల్లగా గట్టెక్కును. 1941లో అమెరికా సైన్యమునకై నిర్మింపబడిన విల్లీస్ జీపునందు ఇట్టి కడ్డీలు రెండు కలవు. ఒకటి ముందు ఇరుసును కలుపుటకు. రెండవది వేగమును తగ్గించి లాగుడు బలమును పెంచుటకు. తరువాతి కాలమున మన దేశమున మహీంద్రా వారు తయారుచేసిన నాలుగు చక్రముల చోదనము గల జీపులును ఈ మార్గమునే అనుసరించినవి.

ఆ డ్రైవరు బురద దాటి తారు రోడ్డు ఎక్కగనే కడ్డీని మరల త్రోసివేయును. ఎందుకని అడిగినచో, నూనె ఎక్కువ త్రాగునని పెక్కుమంది చెప్పుదురు. అది అబద్ధము కాదు గాని అసలు కారణము వేరు. ఆ కారణము తెలిసినగాని, ఈ కాలపు పికప్పు ట్రక్కులలో యంత్రము తనంతట తానే ముందు ఇరుసును కలుపుకొను ఏర్పాటు ఏల వచ్చినదో, పాత బండికి దానిని అమర్చుట ఉచితమో కాదో నిర్ణయించుట సాధ్యము కాదు.

కళ్ళములో పశువులచే బంతి త్రొక్కించుట జ్ఞప్తికి తెచ్చుకొనుడు. నడిమి గుంజకు దగ్గరగా నున్న ఎద్దు దాదాపు నిలిచినచోటనే తిరుగును. చివరనున్న ఎద్దు పెద్ద అంగలు వేయవలసియుండును. రెండును ఒకే దూరము నడువవలెనన్నచో బంతి సాగదు. మోటారు బండి మలుపు తిరుగునప్పుడు లోపలి చక్రమునకును వెలుపలి చక్రమునకును గల సంబంధము ఇట్టిదే. ఒకే ఇరుసు మీదనున్న రెండు చక్రములును వేర్వేరు వేగములతో తిరుగుటకై ఇరుసు నడుమ డిఫరెన్షియల్ అను పళ్ళచక్రముల పెట్టెను అమర్చియుందురు. లారీ డ్రైవర్లకు ఇది తెలియనిది కాదు.

ఐతే ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ కూడ ఇట్టి భేదమే కలదను సంగతిని పలువురు గమనింపరు. తడినేలపై బండిని గుండ్రముగా త్రిప్పి, దిగి చూచినచో ముందు చక్రముల జాడలు వెలుపలగను, వెనుక చక్రముల జాడలు లోపలగను కానవచ్చును. ముందు ఇరుసు ఎల్లప్పుడును ఎక్కువ దూరము నడచును. లెక్క వేసి చూతము. ఇరుసుల నడుమ 3.6 మీటర్ల దూరము గల ఒక పికప్పు, వెనుక ఇరుసు మధ్యభాగము 6 మీటర్ల వ్యాసార్థము గల వలయముపై సాగునట్లు తిరుగుచున్నదనుకొందము. అప్పుడు ముందు ఇరుసు మధ్యభాగము 7 మీటర్ల వ్యాసార్థము గల వలయముపై తిరుగును. వీధి మొగలో ఒక్క మలుపు, అనగా వలయములో నాల్గవ వంతు, తిరుగునప్పటికి వెనుక ఇరుసు సుమారు 9.4 మీటర్లు పోగా, ముందు ఇరుసు సుమారు 11 మీటర్లు పోవలెను. ఒక్క మలుపులోనే మీటరున్నరకు పైగా తేడా.

ఇక కడ్డీ చేయు పని యేమి? గేరు పెట్టె వెనుక ట్రాన్స్‌ఫర్ కేసు అను మరియొక పెట్టె కలదు. ఇంజను శక్తి దానిలోనికి వచ్చి, అచ్చటినుండి ఒక షాఫ్టు ద్వారా వెనుక ఇరుసునకును, మరియొక షాఫ్టు ద్వారా ముందు ఇరుసునకును పోవును. కడ్డీ లాగినప్పుడు ఆ రెండు షాఫ్టులును ఒకదానితో నొకటి బిగింపబడి ఒకే వేగముతో తిరుగును. ముందు ఇరుసు ఎక్కువ దూరము పోవలెను. కాని ఎక్కువ వేగముతో తిరుగుటకు దానికి వీలులేదు. బురదలోనైనచో ఏదో ఒక చక్రము కొంచెము జారి ఆ తేడాను సరిచేయును, ఎవ్వరికిని తెలియదు. ఎండిన తారు రోడ్డుపై చక్రము జారదు. కావున ఆ మీటరున్నర తేడా షాఫ్టులలో మెలికగా చేరును. స్టీరింగు బరువెక్కును. బండి ఎవరో వెనుకకు పట్టి లాగుచున్నట్లు నడచును. టైర్లు ఒరసుకొనిపోవును, జాయింట్లు విరుగును, కొన్నిసార్లు కడ్డీ వెనుకకు రాక బిగుసుకొనిపోవును. పాడేరు ఘాటు వంటి దారిలో వాన వెలసి రోడ్డు ఆరిన తరువాత కూడ ముందు ఇరుసును కలిపియే బండి నడుపు డ్రైవరు ప్రతి మలుపునందును బండిని కొంత కొంత విరుగగొట్టుచున్నాడన్నమాట.

అమెరికా ఉత్తర రాష్ట్రములలో ఈ చిక్కు ఇంకను తీవ్రమైనది. అచ్చట శీతకాలమున రోడ్డు ఒక ఫర్లాంగు ఎండకు ఆరి పొడిగా నుండును. తరువాతి వంతెన మీదనో, చెట్ల నీడననో పలుచని మంచుగడ్డ పేరియుండును. మరల పొడి రోడ్డు వచ్చును. పికప్పు ట్రక్కు వెనుక తొట్టి ఖాళీగా నున్నప్పుడు వెనుక ఇరుసుపై బరువు తక్కువ గనుక, మంచు తగిలినతోడనే వెనుక చక్రములు జారి బండి ప్రక్కకు తిరుగజూచును. డ్రైవరు ప్రతి ఫర్లాంగునకు ఒకసారి మీట వేయుచు తీయుచు పోలేడు గదా. పొడి రోడ్డు మీద తీసివేయుట మరచినచో యంత్రమునకు నష్టము. మంచు రాకముందు వేయుట మరచినచో మనిషికే ముప్పు. ఈ రెండు మరపులకును మందుగా వచ్చినదే స్వయంచాలక ఏర్పాటు.

ఫోర్డు కంపెనీ 1995 మోడలు ఎక్స్‌ప్లోరరు బండిలో విద్యుదయస్కాంతముతో బిగియు క్లచ్చి గల ట్రాన్స్‌ఫర్ కేసును ప్రవేశపెట్టెను. జనరల్ మోటార్స్ వారు 1990ల చివర తమ షెవర్లే, జి.ఎం.సి. ట్రక్కులకు ఆటోట్రాక్ అను పేరుతో ఇట్టిదే ఇచ్చిరి. ఈ రెండవ దానినే తీసికొని వివరింతము. ఏలననగా పాత బండికి స్వయంచాలక పద్ధతిని అమర్చుకొను వారు ఆ దేశమున దీనినే విరివిగా ఎన్నుకొందురు.

ఆ ట్రక్కుల ట్రాన్స్‌ఫర్ కేసులను తయారుచేసిన న్యూ వెంచర్ గేర్ అను సంస్థ 1990లో జనరల్ మోటార్స్, క్రైస్లరు కంపెనీల ఉమ్మడి యాజమాన్యమున ఏర్పడినది. ఈ సంస్థ వేసిన నంబర్లను చదువుట మన సర్వే నంబర్ల కంటె సులభము. మొదటి అంకె 2 ఐనచో హెచ్చు, తగ్గు అను రెండు వేగములు కలవని అర్థము. రెండవ అంకె పెట్టె దృఢత్వమును తెలుపును. మూడవ అంకె కలుపు విధమును చెప్పును: 1 ఐనచో చేతి కడ్డీ, 3 ఐనచో విద్యుత్ స్విచ్చి, 6 ఐనచో స్వయంచాలకము. కావున 241 కడ్డీ పెట్టె; 243 స్విచ్చి పెట్టె; 246 తనంతట తాను కలియు పెట్టె. 243 గల బండిలో 246ను అమర్చుటయే ఇప్పుడు మనము చెప్పుకొను మార్పు.

ఇచ్చట పాఠకులు ఒక సంగతిని గట్టిగా పట్టుకొనవలెను. 243 పెట్టెకును స్విచ్చి కలదు, మోటారు కలదు. అంతమాత్రమున అది స్వయంచాలకము కాదు. ఆ మోటారు డ్రైవరు చేతికి బదులు పనిచేయును, అంతియే. లోపల రెండు షాఫ్టులను బిగించునది పళ్ళు గల గొట్టము. పళ్ళు కలిసినవా, పూర్తిగా కలిసినవి. విడిపోయినవా, పూర్తిగా విడిపోయినవి. నడిమి స్థితి లేదు. 246లో ఆ పళ్ళకు తోడు క్లచ్చి బిళ్ళలు ఒకదానిపై నొకటి పేర్చబడియుండును. మోటారు వానిని ఎంత ఒత్తిన అంత బిగియును. కొంచెము ఒత్తినచో కొంచెము బలము ముందునకు పోవును, గట్టిగా ఒత్తినచో ఎక్కువ పోవును. ఈ క్లచ్చియే స్వయంచాలక పద్ధతికి ప్రాణము. క్లచ్చి లేని పెట్టెకు, చక్రము జారినప్పుడు దానంతట అది స్విచ్చి నొక్కు తీగల ఏర్పాటును ఎవరైనను తగిలించి, ఇది ఆటో అని చెప్పినచో నమ్మరాదు. వెనుక చక్రములు వడిగా జారుచుండగా నిలిచియున్న పళ్ళను వానితో తటాలున కలిపినచో పళ్ళు రాలును.

246 పనిచేయు విధము ఇది. ముందు షాఫ్టు వేగమును, వెనుక షాఫ్టు వేగమును కొలుచు సెన్సార్లు కలవు. ఒక చిన్న నియంత్రణ పెట్టె ఆ రెండు లెక్కలను ఎడతెగక సరిపోల్చుచుండును. మలుపులో వచ్చు సహజమైన తేడాను అది లెక్కచేయదు. వెనుక షాఫ్టు వేగము హద్దు మీరి హెచ్చినచో, వెనుక చక్రములు జారుచున్నవని గ్రహించి మోటారును త్రిప్పును. మోటారు క్లచ్చి బిళ్ళలను ఒత్తును. ముందు చక్రములకు బలము చేరును. జారుట ఆగిన పిదప మోటారు సడలించును. ఇదంతయు డ్రైవరు ప్రమేయము లేకయే జరుగును. బిళ్ళలు ఎంతవరకు ఒత్తబడినవో తెలుపుటకు మోటారులోనే ఒక కొలత పరికరము కలదు. డ్రైవరు ముందు నాలుగు బొత్తాలు: వెనుక చక్రములు మాత్రము నడచునది, ఆటో, నాలుగు చక్రములను బిగించునది, తగ్గు వేగమున బిగించునది. తగ్గు వేగమున ఇంజను వైపు షాఫ్టు 2.72 చుట్లు తిరుగగా ఇరుసు వైపు షాఫ్టు ఒక్క చుట్టు తిరుగును.

ఆటో బొత్తాము నొక్కియుంచినంతసేపు ముందు ఇరుసులోని జోడింపు కూడ కలిసియే యుండును. ముందు షాఫ్టు ఊరకే తిరుగుచు, పిలుపు కొరకు కనిపెట్టుకొనియుండును. కావున ఇంధనము కొంత ఎక్కువగును, అరుగుదలయు ఉండును. ఎండకాలమున మంచి రోడ్డుపై ఆటోలో నడుపుట అనవసరమైన వ్యయము.

ఇక మార్పు పనికి వత్తము. కొత్త పెట్టె బిగించి స్విచ్చి మార్చినచో చాలునని తలంచి దిగినవారు మధ్యలో చిక్కుకొందురు. ట్రాన్స్‌ఫర్ కేసు, దానికి తగిన మోటారు, నియంత్రణ పెట్టె, నాలుగు బొత్తాల స్విచ్చి, వేగము కొలుచు సెన్సార్లు, వీనినన్నింటిని కలుపు తీగల జీను, ఇవి అన్నియు కావలెను. వీలైనంతవరకు ఒకే బండినుండి, ఒకే సంవత్సరపు సామాను తీసికొనుట మేలు. వేర్వేరు సంవత్సరముల మోటారు, నియంత్రణ పెట్టె ఒకదాని మాట నొకటి గ్రహింపకపోవచ్చును. గేరు పెట్టెనుండి వచ్చు షాఫ్టు గాళ్ళ సంఖ్య సరిపోవలెను. 4ఎల్60ఇ అను ఆటోమేటిక్ గేరు పెట్టెకు 27 గాళ్ళు, బరువు బండ్లకు వాడు 4ఎల్80ఇ పెట్టెకు 32 గాళ్ళు. ఇది చూడక కొన్నవాడు పెట్టెను మరల అంగడికి మోయవలసినదే. పాత ప్రొపెల్లరు షాఫ్టుల పొడవు కొత్త పెట్టెకు సరిపోవునో లేదో కొలిచి చూడవలెను.

ముందు ఇరుసు జోడింపును కూడ మరువరాదు. 1990ల తొలిభాగపు ట్రక్కులలో ఈ జోడింపు వేడిమితో పనిచేయును: విద్యుత్తు లోపలి వాయువును వేడిచేయగా అది వ్యాకోచించి కడ్డీని ముందునకు నెట్టును. వేడెక్కుటకు సమయము పట్టును గదా. ఈలోపల బండి మంచు దాటిపోవును. తరువాతి బండ్లలో దానికి బదులు విద్యుత్ మోటారు వచ్చినది. ఆటో పద్ధతిని అమర్చదలచువారు ఈ పాత జోడింపును ముందుగా మార్చుకొనవలెను.

నూనె విషయమున పొదుపు పనికిరాదు. 243 పెట్టెలో సాధారణ ఆటోమేటిక్ గేరు నూనెయే పోయుదురు. 246లో క్లచ్చి బిళ్ళలున్నందున దానికొరకే ప్రత్యేకముగా చేసిన నీలిరంగు నూనె, ఆటో-ట్రాక్ 2 అనునది, సుమారు 2 లీటర్లు పోయవలెను. రెండును పెట్టెలోనికి పట్టునవే గనుక ఏదైన నేమియని తలంచరాదు. తగని నూనె పోసినచో బిళ్ళలు జారియో, పట్టి పట్టి వదలుచు అదరియో చెడిపోవును.

ఈ 246 పెట్టెకు ఒక జబ్బు కలదు. పాత సామాను కొనువారికి ఇది అన్నిటికంటె ముఖ్యము. లోపలనున్న నూనె పంపు తిరిగిపోకుండ దాని చెవులు పెట్టె వెనుక సగమునకు ఆనుకొనియుండును. పెట్టె తేలిక లోహమైన మెగ్నీషియముతో పోతపోయబడినది. బండి అదురుచు నడచిన కొలదియు ఆ చెవులు లోహమును కొరికి, కొన్నేండ్లకు సూదిమొన యంత రంధ్రము పడును. ఆ రంధ్రము పెట్టెకు పైభాగమున నుండుటచేత, నిలిపిన బండి క్రింద ఒక్క చుక్కయు కారదు. బండి నడచునప్పుడు మాత్రమే నూనె చిమ్మి గాలిలో పోవును. యజమాని ప్రతి ఉదయమును నేలను చూచి, కారుట లేదని సంతోషించుచుండగా, లోపల నూనె తరిగి బిళ్ళలు, గొలుసు, బేరింగులు అన్నియు మాడిపోవును. కావున పాత పెట్టెను కొన్నప్పుడు దానిని విప్పించి ఆ చోటు చూడవలెను. చెవులకును లోహమునకును నడుమ ఉక్కు రేకు తొడుగు, లేదా మార్పు చేసిన పంపు అంగళ్ళలో దొరకును. పెట్టె క్రింద దింపియున్నప్పుడే దానిని వేయుట స్వల్ప వ్యయము. బండికి బిగించిన తరువాతనైనచో మరల మొదటినుండి పని.

టైర్ల సంగతి పంచాయతీ బండ్లకును వర్తించును. ముందు కొత్త జత, వెనుక అరిగిన జత వేసి నడుపుట మనవారికి అలవాటు. ఆటో పద్ధతిలో అది తగదు. అరిగిన టైరు చుట్టుకొలత తక్కువ గనుక తిన్నని రోడ్డు మీద కూడ వెనుక షాఫ్టు కొంచెము వడిగా తిరుగుచుండును. నియంత్రణ పెట్టె దానిని జారుటగా భ్రమించి క్లచ్చిని మాటిమాటికి ఒత్తును. నాలుగును ఒకే కొలత, ఒకే అరుగుదల గలవై యుండవలెను. ముందు, వెనుక ఇరుసుల క్రౌను పినియను నిష్పత్తియు ఒకటే కావలెను.

ఈ ఏర్పాటు చేయలేని పని ఒకటి కలదు. నాలుగు చక్రములకు బలము చేరుట బండి కదలుటకు, ఎక్కుటకు సహాయపడును, ఆగుటకు కాదు. బ్రేకులు ప్రతి బండికిని ముందే నాలుగు చక్రములకు కలవు. జారు నేలపై నాలుగు చక్రముల బండి సుళువుగా వేగమెత్తుకొనును గాని ఇతర బండ్ల కంటె త్వరగా ఆగదు. మంచు మీద నిబ్బరముగా పోయి గోతిలో పడువారిలో ఇట్టి బండ్లవారును కలరు. మరియు ఈ పెట్టెలో బండిని కట్టి లాగుకొనిపోవుటకై తటస్థ స్థితి ఒకటి ఉంచబడినది. ఆ స్థితిలో గేరు పార్కులో నున్నను బండి దొర్లిపోవును. చేతి బ్రేకు మాత్రమే దిక్కు. మార్పు చేసిన మెకానిక్కు ఈ సంగతిని బండి నడుపువారందరికిని చెప్పవలెను.

మన రాష్ట్రమున తడకు సమీపమున, ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరిన శ్రీసిటీలో, 2016 నుండి ఇసుజు వారు పికప్పులను తయారుచేయుచున్నారు. అచ్చట తయారైన డి-మాక్స్ వి-క్రాస్ నాలుగు చక్రముల బండిలో కడ్డీకి బదులు త్రిప్పు స్విచ్చి కలదు. ఐనను అది పైన చెప్పిన 243 వలె డ్రైవరు ఆజ్ఞతో బిగియు పద్ధతియే. ఎండిన రోడ్డుపై తీసివేయవలసినదే. ఏజెన్సీ గ్రామములకో, తుపాను సహాయమునకో ఇట్టి బండిని అద్దెకు తీసికొనునప్పుడు, స్విచ్చి ఎప్పుడు వేయవలెనో, ఎప్పుడు తీయవలెనో డ్రైవరునకు తెలియునా యని అడుగుట సభ్యుల పని. ఇట్టి బండిని ఆటోగా మార్చెదమని ఎవరైనను వచ్చినచో, క్లచ్చి గల పెట్టె ఆ బండి కొలతకు ఎచ్చటినుండి తెత్తురో ముందు చూపించుమనుడు. మరియు 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చుట నిషిద్ధము. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీనినే స్పష్టపరచినది. కావున పని మొదలుపెట్టకముందే రవాణా శాఖ అధికారిని వ్రాతమూలకముగా సంప్రదింపవలెను.

పని ముగిసిన పిదప సరిగా జరిగినదో లేదో తెలిసికొనుటకు పెద్ద పరికరము అక్కరలేదు. ఎండిన గట్టి మైదానమునకు బండిని తీసికొనిపోయి, ఆటో బొత్తాము నొక్కి, స్టీరింగును చివరివరకు త్రిప్పి, నడక వేగమున ఒక వలయము తిరుగవలెను. బండి తేలికగా తిరుగవలెను, పట్టి లాగినట్లుండరాదు. పిదప నాలుగు చక్రములను బిగించు బొత్తాము నొక్కి పది అడుగులు మాత్రము అట్లే పోవలెను. ఈసారి బండి బిగుసుకొని మొరాయింపవలెను. రెండింటిలోను తేలికగా తిరిగినచో ముందు ఇరుసు కలియుటలేదన్నమాట. రెండింటిలోను బిగుసుకొనినచో క్లచ్చి విడుటలేదన్నమాట. పరీక్ష కాగానే వెనుక చక్రముల బొత్తాము నొక్కి, బండిని కొంచెము వెనుకకు, ముందునకు తిన్నగా నడిపినచో షాఫ్టులలోని మెలిక వదలిపోవును. అటు పిమ్మట నెలకొకసారి నేలను చూచుటతో ఊరకుండక, పెట్టె ప్రక్కనున్న నూనె బిరడాను విప్పి మట్టమును వ్రేలితో చూచుచుండవలెను.